రోల్ ప్లేయింగ్ ఆటలలో పోరాటేతర సమతౌల్యం

రోల్ ప్లేయింగ్ ఆటలలో పోరాటేతర సమతౌల్యం అనగా, బల్ల చుట్టూ కూర్చొని ఆడే కాల్పనిక రోల్ ప్లేయింగ్ ఆటలలో పోరాటం జరగని ఘట్టాలలో కూడా అన్ని పాత్రవర్గాలకు కథను ముందుకు నడిపే అవకాశం ఉండేటట్లు నియమాలను కూర్చడం. పోరాటంలోని సమతౌల్యాన్ని లెక్క కట్టడం కొంత సులభం. ఒక్కొక్క వంతులో ఎవరు ఎంత దెబ్బ కొట్టగలరో, ఎంత దెబ్బకు తట్టుకోగలరో అంకెలలో చూడవచ్చును. తాళం తీయడం, దారి కనుక్కోవడం, కోట కాపలావానిని ఒప్పించడం, రాత్రివేళ మేలుకొని కాపు కాయడం వంటి పనులకు అటువంటి ఒకే కొలమానం లేదు. 1974లో వెలువడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుకొని 2024లో వచ్చిన దాని సవరణ వరకు ఈ సమస్యకు అనేక పరిష్కారాలు ప్రయత్నించారు. వాటిలో కొన్ని కొత్త సమస్యలను కూడా తెచ్చిపెట్టాయి.

ఆట స్వరూపం

ఈ ఆటలలో సాధారణంగా నలుగురైదుగురు ఆటగాళ్ళు, ఒక నిర్వాహకుడు ఉంటారు. ఆటగాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. నిర్వాహకుడు కథలోని ప్రపంచాన్ని, మిగిలిన పాత్రలన్నిటినీ తన మాటలతో నడిపిస్తాడు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇతనిని డంజియన్ మాస్టర్ అంటారు. ఫలితం సందేహాస్పదంగా ఉన్న పనులను పాచికలు తేలుస్తాయి. గెలుపు ఓటములు ఆటగాళ్ళ మధ్య ఉండవు. అందరూ ఒకే పక్షం.

పాత్రవర్గం అనేది పాత్ర యొక్క వృత్తి. ఆంగ్లంలో దీనిని క్లాసు అంటారు, బడిలోని తరగతితో దీనికి సంబంధం లేదు. యోధుడు, మాంత్రికుడు, అర్చకుడు, దొంగ అనేవి అన్నిటికంటె పాత వర్గాలు. ఒక్కొక్క వర్గానికి కొన్ని శక్తులు, కొన్ని పరిమితులు ఉంటాయి. ఆటగాడు ఒక వర్గాన్ని ఎంచుకొంటే నెలల తరబడి, ఒక్కొక్కసారి సంవత్సరాల తరబడి అదే పాత్రతో ఆడవలసి వస్తుంది. ఆ కారణంగా వర్గాల మధ్య హెచ్చుతగ్గులు ఒక సాయంత్రంతో పోయేవి కావు.

సమస్య

పోరాటం మొదలవగానే ఈ ఆటలలో వంతులు ఏర్పడతాయి. పాచిక వేసి క్రమం నిర్ణయిస్తారు, ఆ క్రమంలో ప్రతి ఒక్కరికీ తమ వంతు వస్తుంది. బలహీనమైన పాత్ర అయినా ఏదో ఒకటి చేసి తీరుతుంది. పోరాటం ముగియగానే ఈ ఏర్పాటు మాయమవుతుంది. ఆ తరువాత ఎవరు ముందు మాట్లాడితే వారిదే వంతు. సంతలో వాకబు చేయడానికి, రాజుగారి కొలువులో మాట్లాడడానికి, పాడుబడిన గుడిలో వెతకడానికి వరుసక్రమం చెప్పే నియమం చాలా ఆటలలో లేదు. పోరాటేతర సమతౌల్యంపై జరిగే చర్చ అంతటికీ మూలం ఈ తేడాయే అని చెప్పవచ్చును.

దీనికి తోడుగా రెండు కారణాలున్నాయి. మొదటిది, మంత్రానికీ నైపుణ్యానికీ ఉన్న స్వభావభేదం. నైపుణ్యం ఉన్నవాడు పాచిక వేసి ప్రయత్నిస్తాడు, విఫలం కావచ్చును. మంత్రం వేసినవాని పని చాలా సందర్భాలలో జరిగి తీరుతుంది. రెండవది, నైపుణ్యాల పంపకం. పోరాటంలో బలవంతుడైన యోధుడు ఇతర విషయాలలో బలహీనుడుగా ఉండడమే న్యాయమని తొలినాటి రూపకర్తలు భావించారు. కాగితం మీద ఇది సరిగానే కనబడుతుంది. కాని నాలుగు గంటల ఆటలో పోరాటం ఒక గంట మాత్రమే జరిగితే, మిగిలిన మూడు గంటలు యోధుని పాత్రధారి ఇతరుల ఆటను చూస్తూ కూర్చోవలసి ఉంటుంది. అతడు నోరు తెరిస్తే పని చెడిపోయే అవకాశం ఎక్కువ కనుక, తన పక్షం మేలు కోరి మౌనంగా ఉండడమే అతనికి తెలివైన పని అవుతుంది. ఆటకు వచ్చినవాడు ఆడకుండా ఉండడమే మంచిదని నియమాలు చెబుతున్నాయంటే, ఆ నియమాలలో లోపమున్నట్లే.

పులిజూదంతో పోలిక

సమతౌల్యం అంటే అందరికీ ఒకే శక్తి ఉండడం కాదు. తెలుగువారికి దీనిని వివరించడానికి పులిజూదం చక్కని ఉదాహరణ. పులి-మేక ఆట అని కూడా పిలిచే ఈ ఆటలో ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు ఉంటాయి. గీతలు కలిసే 23 చోట్ల వీటిని ఉంచి కదుపుతారు. పాత గుళ్ళ అరుగుల మీద, మండపాల బండల మీద చెక్కిన ఈ పటాలు ఇప్పటికీ కనిపిస్తాయి. పులి మేకపైనుండి దూకి దానిని చంపగలదు. మేక దేనినీ చంపలేదు. అయినా మేకలు పులులను కదలనీయకుండా చుట్టుముట్టి గెలవగలవు. ఒక పక్షానికి చంపే శక్తి, మరొక పక్షానికి దారి మూసే శక్తి ఉన్నాయి. రెండూ ఒకే పటం మీద పనిచేస్తాయి కనుక ఆట నిలబడింది.

రోల్ ప్లేయింగ్ ఆటలో చిక్కు ఏమంటే, అక్కడ పటం ఒకటే కాదు. పోరాటం ఒక పటం, సంభాషణ ఒక పటం, అన్వేషణ మరొక పటం. మొదటి పటం మీద పులిగా ఉన్నవానిని రెండవ పటం మీద మేకగా పెట్టి, లెక్క సరిపోయిందనుకోవడం పొరపాటు. మొదటి పటం మీద ఆట జరగని రోజున అతనికి రెండవ పటం ఒక్కటే మిగులుతుంది. పైగా ఆ పటం మీద మేకకు కూడా ఒక పని ఉండాలి కదా!

ఉదాహరణకు ఒక కథ

వివిధ నియమాలను పోల్చి చూడడానికి ఈ వ్యాసంలో ఒకే కల్పిత కథను వాడడమైనది. కాలం తూర్పు చాళుక్యుల వేంగి రాజ్యం. నలుగురు బాటసారులు, అంటే ఒక యోధుడు, ఒక మాంత్రికురాలు, ఒక దొంగ, ఒక అర్చకుడు, గుంటుపల్లి కొండ గుహలలో దొరికిన ఒక పెట్టెను కొల్లేటికోటకు చేర్చాలి. పెట్టెకు తాళం ఉన్నది. లోపల రాగిశాసనం ఉన్నదని వినికిడి. నేటి జంగారెడ్డిగూడెం, కామవరపుకోట పరిసరాలలోని మెట్ట అడవిలో వారు ఒక రాత్రి మకాం వేయాలి. వేంగి నగరం, అనగా ఏలూరు దగ్గరి నేటి పెదవేగి, చేరిన తరువాత అక్కడి సుంకం అధికారిని ఒప్పించాలి. అక్కడినుండి వానాకాలపు కొల్లేరులో దోనె మీద ప్రయాణించాలి. బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సు నిండి ఉన్నది, కిక్కిస దుబ్బుల మధ్య దారి తెలియడం లేదు. ఈ కథలో కత్తి దూయవలసిన అవసరం ఎక్కడా లేదు. తాళం, కాపలా, ఒప్పించడం, నీటిదారి అనే నాలుగు చిక్కులు మాత్రం ఉన్నాయి.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో పరిణామం

తొలినాటి నియమాలు

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవాకు చెందిన టి.ఎస్.ఆర్. సంస్థ ద్వారా వెలువడింది. దీనికి పునాది 1971 నాటి చైన్‌మెయిల్ అనే యుద్ధక్రీడ. యుద్ధక్రీడనుండి పుట్టినది కనుక ఇందులో పోరాటానికి నియమాలు ఎక్కువ, తక్కిన వాటికి తక్కువ. మొదట యోధుడు, మాంత్రికుడు, అర్చకుడు అనే మూడు వర్గాలే ఉండేవి. తాళం తీయాలన్నా గోడ ఎక్కాలన్నా ఆటగాడు తాను ఏమి చేస్తున్నాడో వర్ణించాలి, నిర్వాహకుడు విని తీర్పు చెప్పాలి. ఒక విధంగా ఇది సమతౌల్యమే. ఎవరికీ ప్రత్యేక నైపుణ్యం లేదు కనుక ఎవరైనా ప్రయత్నించవచ్చును.

1975లో గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకం దొంగ వర్గాన్ని ప్రవేశపెట్టింది. తాళాలు తీయడం, ఉచ్చులు తొలగించడం, చప్పుడు లేకుండా నడవడం, నీడలో దాగడం వంటి పనులకు శాతాలు ఏర్పడ్డాయి. పోరాటం వెలుపలి పనులే ముఖ్యబలంగా గల మొదటి వర్గం ఇదే. అయితే దొంగకు గోడ ఎక్కే నైపుణ్యం ఉన్నదని వ్రాయగానే, మిగిలినవారికి అది లేదనే అర్థం స్థిరపడింది. నిన్నటివరకు అందరూ చేసిన పని నేడు ఒకరి సొత్తయింది. దొంగకైనా అది పూర్తిగా దక్కలేదు. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాళ్ళ పుస్తకం ప్రకారం మొదటి స్థాయి దొంగ తాళం తీయగల అవకాశం 25 శాతం, నీడలో దాగగల అవకాశం 10 శాతం. గోడ ఎక్కడం ఒక్కటి 85 శాతం.

ఇప్పుడు పై కథలోని పెట్టె దగ్గరకు వద్దాము. ఆ పుస్తకం ప్రకారం 5,001 అనుభవాంకాలు ఉన్న దొంగ 4వ స్థాయికి చేరుతాడు, అతని తాళం నేర్పు 37 శాతం. అన్నే అంకాలున్న మాంత్రికురాలు 3వ స్థాయిలో ఉంటుంది, ఆమెకు రెండవ తరగతి మంత్రం రోజుకు ఒకటి దక్కుతుంది. ఆ తరగతిలోనే నాక్ అనే మంత్రం ఉన్నది. దానిని వేస్తే మామూలు తాళం పాచికతో పని లేకుండా తెరుచుకొంటుంది. రోజుకు ఒక్కసారే కదా అని గైగాక్స్ కాలపువారు సమర్థించేవారు. అడుగడుగునా తాళాలున్న నేలమాళిగలో ఆ సమర్థన సరైనదే. ఒకే పెట్టె ఉన్న మన కథలో రోజుకు ఒక్కసారి సరిపోతుంది, దొంగ చేతులు కట్టుకొని నిలబడతాడు. కథ స్వభావం మారితే సమతౌల్యం మారుతుందనడానికి ఇది మంచి నిదర్శనం.

1985లో ఓరియంటల్ అడ్వెంచర్స్ అనే పుస్తకంతో ఆయుధాలతో సంబంధం లేని నేర్పుల పట్టిక వచ్చింది. 1989 నాటి రెండవ కూర్పులో ఇది ఐచ్ఛిక నియమంగా చేరింది. అందులో యోధునికీ దొంగకూ మొదట 3 నేర్పులు, మాంత్రికునికీ అర్చకునికీ 4 చొప్పున దక్కేవి. ఈత, వంట, పడవ నడపడం, జాడ పట్టడం వంటివి పాత్ర కాగితం మీద మొదటిసారిగా కనిపించాయి.

మూడవ కూర్పు

1997లో టి.ఎస్.ఆర్. సంస్థను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ కొనుగోలు చేసింది. జోనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ రూపొందించిన మూడవ కూర్పు 2000లో వచ్చింది. అన్ని పనులకూ ఇరవై ముఖాల పాచికను వాడే ఏకరూపత దీని గొప్పతనం. నైపుణ్యాలకు పాయింట్లు ఇచ్చారు. ప్రతి స్థాయిలో దొంగకు 8, యోధునికి 2. దీనికి బుద్ధిబలం వలన వచ్చే అదనపు అంకె కలుస్తుంది. మొదటి స్థాయిలో మొత్తాన్ని నాలుగు రెట్లు చేస్తారు. సామాన్యమైన బుద్ధి గల యోధునికి మొదట 8 పాయింట్లు వస్తాయి. బుద్ధి 16 ఉన్న మాంత్రికురాలికి, ఆమె వర్గానికి కూడా 2 పాయింట్లే అయినా, 20 వస్తాయి. బుద్ధి 12 ఉన్న దొంగకు 36.

సంఖ్య కంటె జాబితా మరింత విచిత్రమైనది. యోధుని వర్గానికి చెందిన నైపుణ్యాలలో ఎక్కడం, దూకడం, ఈత, స్వారీ, చేతివృత్తి, జంతువులను మచ్చిక చేయడం ఉన్నాయి. దూరాన ఉన్నదానిని పసిగట్టడం, అలికిడి వినడం లేవు. తన వర్గానికి చెందని నైపుణ్యానికి రెట్టింపు ఖర్చు, దానిలో చేరగల ఎత్తు సగం. మన కథలో మెట్ట అడవిలో రాత్రి మకాం వేసినప్పుడు, జీవితమంతా కోటగోడల మీద కాపలా కాసిన యోధుడు కాపలాకు పనికిరాడు. అతనిని నిద్రపొమ్మని దొంగను మేలుకొల్పాలి. కోటకు కాపు కాసే ఉద్యోగం ఇచ్చి కళ్ళు, చెవులు ఇవ్వకపోవడం ఏమి న్యాయమో రూపకర్తలకే తెలియాలి.

ఇదే కూర్పులో మంత్రాలమీద ఉన్న రోజువారీ పరిమితి కూడా సడలింది. మాంత్రికునికి మొదటి స్థాయిలోనే మంత్రపత్రాలు వ్రాసే విద్య ఉచితంగా వచ్చింది. నాక్ మంత్రపత్రం వెల 150 బంగారు నాణేలు, స్వయంగా వ్రాసుకొంటే 75. కొంత ధనం చేరిన తరువాత ఇది లెక్కలోనిది కాదు. పోరాటంలో ఒక్క మంత్రాన్నయినా తగ్గించుకోకుండా, సంచిలో పత్రాలు పెట్టుకొని మాంత్రికుడు దొంగ పనిని చేయగలిగాడు. యోధుడు స్థాయితో పాటు నిదానంగా పెరుగుతాడు, మాంత్రికుడు వర్గఫలంలాగా పెరుగుతాడు అనే విమర్శ ఈ కాలంలో బాగా ప్రచారం పొందింది.

నాల్గవ కూర్పు

2008 నాటి నాల్గవ కూర్పు ఈ సమస్యను సూటిగా ఎదుర్కొన్నది. తాళం తీయడం వంటి పోరాటేతర మంత్రాలను చాలావరకు మాంత్రికుని మంత్రపేటికనుండి తీసివేసి, సమయం, ధనం ఖర్చయ్యే క్రతువులుగా మార్చారు. తగిన విద్య నేర్చుకొంటే వాటిని ఏ వర్గంవారైనా చేయవచ్చును. ఇక సంభాషణ, ప్రయాణం వంటి ఘట్టాలకు కూడా పోరాటంలాగా వంతులు కల్పించే ప్రయత్నం జరిగింది. దీనిని స్కిల్ చాలెంజ్ అన్నారు. నిర్ణీత సంఖ్యలో వైఫల్యాలు రాకముందే నిర్ణీత సంఖ్యలో విజయాలు సాధించాలి. అన్నిటికంటె తేలిక రకంలో 2 వైఫల్యాలకు ముందు 4 విజయాలు కావాలి.

కొల్లేరు దాటడాన్ని ఈ పద్ధతిలో ఆడితే లెక్క ఈ విధంగా ఉంటుంది. ఒక్కొక్క ప్రయత్నం 70 శాతం ఫలించే నేర్పరులే పాచిక వేస్తే, మొత్తం మీద గట్టు చేరే అవకాశం సుమారు 53 శాతం. అందరి నేర్పూ 50 శాతమే అయితే అది 19 శాతానికి పడిపోతుంది. మొదట ప్రచురించిన నియమంలో అందరూ వరుసగా పాల్గొనాలి. వంతు కల్పించడం మంచి ఉద్దేశమే. కాని నేర్పు లేని యోధుని వంతు వచ్చిన ప్రతిసారీ దోనె మునగడానికి దగ్గరవుతుంది. ప్రచురణ జరిగిన యేడాదే నియమాన్ని సవరించి వైఫల్యాల సంఖ్యను 3 చేశారు. దానితో 70 శాతం నేర్పరులకు గెలిచే అవకాశం సుమారు 74 శాతానికి, 50 శాతంవారికి సుమారు 34 శాతానికి పెరిగింది. అంకెలు బాగుపడ్డాయి గాని మూలమైన చిక్కు తీరలేదు. ఒక్కరి వైఫల్యం అందరినీ ముంచేటప్పుడు, తక్కువ నేర్పు గలవాడు తప్పుకోవడమే లాభం. పోరాటంలో గురి తప్పిన బాణం వృథా అవుతుంది అంతే, స్వపక్షానికి తగలదు. ఈ తేడాను స్కిల్ చాలెంజ్ సరిగా పట్టుకోలేదు.

ఐదవ కూర్పు, దాని సవరణ

2014 నాటి ఐదవ కూర్పు ఆటకు అన్వేషణ, సంభాషణ, పోరాటం అనే మూడు స్తంభాలు ఉన్నాయని ప్రకటించింది. పాత్రకు వర్గంతో పాటు పూర్వజీవితం అనే అంశం చేరింది. సైనికుడు, సన్యాసి, నావికుడు, జానపద వీరుడు వంటి పూర్వజీవితం రెండు నైపుణ్యాలను ఇస్తుంది, అవి వర్గం మీద ఆధారపడవు. మన యోధుడు నావికుడుగా బ్రతికినవాడైతే కొల్లేరులో దోనె అతని చేతికే వస్తుంది. ఈ చిన్న మార్పు పాత నియమాల అన్యాయాన్ని చాలావరకు సరిదిద్దిందని చెప్పవచ్చును.

అంకెల మధ్య దూరాన్ని కూడా తగ్గించారు. 15 రావలసిన ఒక మధ్యరకం పనిలో, మొదటి స్థాయిలో ఏ నేర్పూ లేనివానికి 30 శాతం, శిక్షణ పొంది కొద్దిపాటి సహజశక్తి ఉన్న యోధునికి 45 శాతం, ప్రత్యేక ప్రావీణ్యం గల దొంగకు 65 శాతం అవకాశం ఉంటుంది. దొంగ దొంగే, కాని ఇతరుల ప్రయత్నం హాస్యాస్పదం కాదు. అందరూ కలిసి చేసే పనిలో సగం మంది గెలిస్తే బృందం గెలిచినట్లు లెక్కించే నియమం కూడా ఇందులో ఉన్నది. బలహీనుడు విఫలమైనా పని చెడదు కనుక అతడు తప్పుకోనవసరం లేదు.

నాక్ మంత్రం తిరిగి వచ్చింది గాని ఒక మెలికతో. మంత్రం వేయగానే 300 అడుగుల దూరం వినిపించే చప్పుడు అవుతుంది. రాత్రివేళ రహస్యంగా పెట్టె తెరవాలంటే దొంగనే పిలవాలి. పాత లెక్కలో మంత్రం దొంగకంటె మేలు, కొత్త లెక్కలో అది మరొక దారి. మంత్రానికి ఎన్ని పరిమితులు పెట్టినా ఫలితం రాని చోట, ఒక్క చప్పుడు రెండు వర్గాలనూ నిలబెట్టింది. పోరాటేతర సమతౌల్యంలో ఇంతకంటె పొదుపైన నియమం మరొకటి కనబడదు.

అయినా యోధుడు మిగిలినవారికంటె వెనుకబడి ఉన్నాడనే ఫిర్యాదు కొనసాగింది. 2024 సవరణలో అతనికి కొత్త సదుపాయం ఇచ్చారు. పోరాటంలో ఊపిరి తీసుకొని గాయాలనుండి తేరుకొనే శక్తిని, ఇతర పనులలో విఫలమైనప్పుడు పది ముఖాల పాచికగా మార్చి కలుపుకోవచ్చును. అప్పటికీ ఫలించకపోతే ఆ శక్తి ఖర్చు కాదు. ఆవేశంతో పోరాడే బార్బేరియన్ వర్గం ఆవేశంలో ఉండగా పసిగట్టడం, పొంచి నడవడం వంటి పనులను కూడా కండబలంతో చేయగలదు. వినడానికి వింతగా ఉన్నా, సుంకం అధికారి ముందు బార్బేరియన్ గట్టిగా ఊపిరి పీల్చి నిలబడితే ఏమవుతుందో ఊహించవచ్చును.

ఇతర ఆటల మార్గాలు

కొన్ని ఆటలు వర్గాలనే తీసివేసి సమస్యను తప్పించుకొన్నాయి. మార్క్ మిల్లర్ రూపొందించిన ట్రావెలర్ (1977)లో పాత్రలకు గడచిన ఉద్యోగం, దానిలో నేర్చిన నైపుణ్యాలు మాత్రమే ఉంటాయి. శాండీ పీటర్సన్ రూపొందించిన కాల్ ఆఫ్ కతూలూ (1981)లో గ్రంథాలయంలో వెతకడం తుపాకి కాల్చడం కంటె ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. 2019 నాటి పాత్‌ఫైండర్ రెండవ కూర్పు వర్గాలను ఉంచుతూనే, పోరాటానికి పనికివచ్చే విద్యలనూ నైపుణ్య విద్యలనూ వేరువేరు ఖాతాలలో పెట్టింది. రెండవ స్థాయినుండి ప్రతి సరి స్థాయిలో ప్రతి పాత్రకూ ఒక నైపుణ్య విద్య వస్తుంది. ఒక ఖాతాలోని సొమ్మును మరొక దానికి మార్చుకోలేరు కనుక, పోరాటం కోసం మిగతావన్నీ వదులుకొనే అవసరం పోయింది.

వీటికి భిన్నమైన మార్గం జోనాథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ 1987లో వెలువరించిన ఆర్స్ మేజికా ఆటది. ఇందులో మాంత్రికులు అందరికంటె గొప్పవారని నియమాలే ఒప్పుకొంటాయి. వారి సహచరులు ఒక మెట్టు క్రింద, సేవకులు, కావలివాళ్ళు ఇంకా క్రింద ఉంటారు. అయితే ఒక్కొక్క ఆటగాడు ఒక రోజు తన మాంత్రికునిగా, మరొక రోజు సహచరునిగా, ఇంకొక రోజు కావలివానిగా ఆడతాడు. పాత్రల మధ్య సమానత్వం లేదు, ఆటగాళ్ళ మధ్య ఉన్నది. 2002 నాటి బఫీ ఆటలో వీరులకు 10, మామూలు మిత్రులకు 20 నాటకీయ పాయింట్లు ఇస్తారు. కథ మలుపు తిప్పే హక్కు బలహీనులకే ఎక్కువ అన్నమాట.

ఇక రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ పద్ధతిలో, తగిన విద్య ఉన్న పాత్ర తగిన చోట వెతికితే ఆధారం దొరికి తీరుతుంది, పాచిక అక్కరలేదు. మంత్రానికి మాత్రమే ఉన్న నిశ్చయత్వాన్ని ఇది నైపుణ్యానికి కూడా ఇచ్చింది. పైన చెప్పిన స్వభావభేదానికి ఇది సూటియైన జవాబు.

విరాట పర్వంతో పోలిక

మహావీరులను ఆయుధాలు లేకుండా ఒక యేడాది బ్రతకమంటే ఏమి చేస్తారనే ప్రశ్న తెలుగు పాఠకులకు కొత్తది కాదు. తిక్కన తన భారత రచనను విరాట పర్వంతోనే మొదలుపెట్టాడు. పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టుపై దాచి మత్స్యదేశంలో కొలువు చేరుతారు. ధర్మరాజు కంకుభట్టుగా జూదం, భీముడు వలలుడుగా వంట, అర్జునుడు బృహన్నలగా నాట్యం, నకులుడు దామగ్రంథిగా గుర్రాలు, సహదేవుడు తంత్రీపాలుడుగా ఆవులు, ద్రౌపది సైరంధ్రిగా అలంకరణ చూసుకొంటారు. ఒకరి పని మరొకరిది కాదు. ఈ నేర్పులు అకస్మాత్తుగా పుట్టినవి కూడా కావు. అర్జునుడు నాట్యాన్ని ఇంద్రలోకంలో చిత్రసేనుని వద్ద, ధర్మరాజు పాచికల రహస్యాన్ని అరణ్యవాసంలో బృహదశ్వుని వద్ద నేర్చుకొన్నట్లు కథ ముందే చెబుతుంది. ఐదవ కూర్పులోని పూర్వజీవితం వంటిదే ఇది.

అయితే ఈ పంపకంలో కూడా ఒక లోటు ఉన్నది. బృహన్నల నాట్యం అర్జునుని అంతఃపురానికి చేర్చి, ఉత్తరకుమారుని రథం వరకు తీసుకువెళుతుంది. వలలుని వంటశాల సైరంధ్రి మొర వినే చోటు అవుతుంది. నకులసహదేవులకు విద్యలు ఉన్నాయి గాని, గుర్రాల వైద్యం మీదనో ఆవుల లక్షణాల మీదనో కథ మలుపు తిరిగే ఘట్టం లేదు. 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన నర్తనశాల చిత్రం పేరే బృహన్నల నాట్యం మీద నిలిచింది. ఆ చిత్రం చూసినవారిని నకులసహదేవులు ఏమి చేశారని అడిగితే చాలామంది ఆలోచించవలసి వస్తుంది. పాత్ర కాగితం మీద నైపుణ్యం వ్రాసుకొన్నంత మాత్రాన చాలదు, ఆ నైపుణ్యం లేకపోతే తీరని చిక్కు కథలో ఎదురుకావాలి. ఇది నియమాల పుస్తకం చేయగల పని కాదు, కథ నడిపేవారి పని.

నిర్వాహకుని పాత్ర

అందువలన అనుభవం గల నిర్వాహకులు కథను సిద్ధం చేసుకొనేటప్పుడు ఆటగాళ్ళ పాత్ర కాగితాలను దగ్గర పెట్టుకొంటారు. మన కథనే తీసుకొంటే, సుంకం అధికారిని మాటకారి ఆటగాడు ఒక్కడే ఒప్పించేటట్లు వ్రాయడం సులభం. దానికి బదులు ఆ అధికారిని ఒకప్పుడు వేంగి సేనలో పనిచేసి కాలు పోగొట్టుకొన్నవానిగా వ్రాస్తే, అతనితో మాట కలపగలిగినవాడు యోధుడు అవుతాడు. రాగిశాసనంలోని లిపి మాంత్రికురాలికి తెలుస్తుంది, దానిలోని దానధర్మాల భాష అర్చకునికి అర్థమవుతుంది, శాసనానికి గుచ్చిన వలయం మీది ముద్ర నకిలీదని దొంగ పసిగడతాడు. ఒకే వస్తువు, ముగ్గురికీ మూడు సంగతులు చెప్పింది. ఎవరూ పాచిక వేయలేదు.

బృందాన్ని అప్పుడప్పుడు విడదీయడం మరొక పద్ధతి. నలుగురూ ఒకేచోట ఉన్నంతవరకు ప్రతి పనినీ ఆ పనిలో మేటియైనవాడే చేస్తాడు. ఇద్దరు దోనె బేరానికి, ఇద్దరు కొలువుకు వెళితే, కొలువులో ఉన్నవారిలో మాట్లాడగలవాడు యోధుడే కావచ్చును. అప్పుడు అతని 45 శాతం నేర్పుకు విలువ వస్తుంది. వాకబు చేసే ఘట్టాలలో కూడా బల్ల చుట్టూ వరుసగా అందరినీ ఏమి చేస్తున్నారని అడగడం పాత అలవాటే, పోరాటంలోని వంతుకు ఇది అతి సులభమైన ప్రత్యామ్నాయం.

పాత్ర నేర్పునకూ ఆటగాని నేర్పునకూ మధ్య తేడా వేరొక చిక్కు. మితభాషియైన విద్యార్థి ఒకరు కవిగాయకుని పాత్ర ధరించవచ్చును, మంచి వక్త ఒకరు మూగ యోధుని పాత్ర ధరించవచ్చును. కొలువులో పలికిన మాటలను బట్టి తీర్పు చెబితే మొదటివారి పాత్ర నేర్పు వృథా అవుతుంది. పాచికను బట్టి మాత్రమే చెబితే మాట్లాడడంలోని ఆనందమే పోతుంది. ఏమి చెప్పదలచారో ఆటగాడు చెప్పడం, ఎంత చక్కగా చెప్పారో పాచిక తేల్చడం అనే మధ్యేమార్గాన్ని చాలామంది పాటిస్తారు. యోధుని చేత కత్తి తిప్పించేముందు ఆటగానికి కత్తిసాము వచ్చునా అని ఎవరూ అడగరు. గాయకుని పాత్రధారిని మాత్రం పద్యం చెప్పమని అడిగేవారు ఇంకా ఉన్నారు.